రానివాళ్ల గడి

మొఖోత్లోంగ్ దాటాక దారి గుర్రానికే తెలుసు.
నా సంచిలో ఇరవైమూడు ప్రశ్నలు
ప్లాస్టిక్ కవరు కప్పుకుని
నాకంటే భద్రంగా కొండెక్కాయి.

రాత్రిబడి అంటే ఓ రాతి గుడిసె.
నడుమ పిడకల పొయ్యి, చుట్టూ కంబళ్లు,
కంబళ్లలో మేకల కాపరి పిల్లలు.
పగలంతా కొండలు తిరిగిన కాళ్లను
పొగకి ఆరబెట్టుకుంటూ
అక్షరాలు దిద్దుతున్నారు.

పంతులమ్మ పేరు మాథాబిసో.
నన్ను చూడగానే, "నువ్వు ఎవరి తరఫు?" అంది.
చర్చి వాళ్లు పోయిన నెల వచ్చారట.
అంతకుముందు ఉన్ని సంఘం వాళ్లు.
మంచు కరగ్గానే ఆరోగ్యశాఖ వాళ్లు.
అందరిదీ ఒకటే అడగడం:
ఎంతమంది, ఎన్ని రోజులు, ఎన్ని మార్కులు.
"ఒకే మేకని నలుగురు పితికితే
పాలు నాలుగింతలవుతాయా తల్లీ?"

నవ్వాను.
నవ్వి, ఫారం తీశాను. అలవాటు అలాంటిది.

హాజరు: పద్నాలుగు.
పొయ్యి పక్కన మొలెఫి తల అడ్డంగా ఊపాడు.
"తప్పు."
మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగే.
"నువ్వు ఉన్నవాళ్లని లెక్కపెట్టావు.
నాకు అంకెలు మొన్న మొన్నేగా వచ్చింది,
అప్పటిదాకా మందని ఎలా తోలాననుకున్నావు?
పొద్దుగూకితే దొడ్డి వాకిట్లో నిలబడి చూస్తాను, అంతే.
చీలిన చెవిది రాలేదని తెలుస్తుంది.
ఎర్రమచ్చది వెనకబడిందని తెలుస్తుంది.
దొడ్డిలో ఖాళీ కూడా
ఒక మేకంత ఉంటుంది."

పిడక చిట్లింది. ఎవరో దగ్గారు.
మసేరులో నాకో బల్ల ఉంది, ఓ రబ్బరు ముద్ర ఉంది,
తొమ్మిదేళ్ల అనుభవం ఉంది.
రానివాళ్లకి గడి మాత్రం లేదు.

"అయితే ఎవరు రాలేదు?"
ఎవరూ నాకు రాసివ్వని ఇరవైనాలుగో ప్రశ్న.

పులే. వాడి యజమానికి
వెలుతురులో కూర్చున్న కాపరి అంటే పడదు.
న్యాకల్లో. అన్న టోపీ, అన్న కంబళి వేసుకుని
రెండు రాత్రులు వచ్చింది,
మూడో రాత్రి దగ్గినప్పుడు గొంతు పట్టిచ్చింది.
సెఖోబో. చదవడం వచ్చేసింది వాడికి.
జీతం కాగితం తనే చదువుకున్నాడు,
ఏడాదికి పన్నెండు గొర్రెలు రావాలని తెలిసింది,
ఇచ్చింది ఏడు.
మిగతా అయిదు అడగడానికి పోయినవాడు మళ్లీ బడికి రాలేదు.

వాణ్ని ఏ గడిలో వేయను?
మానేసినవాడిలోనా, గట్టెక్కినవాడిలోనా?
మాథాబిసో నా పెన్ను కేసి చూసింది. నేనూ చూశాను.

వసంతంలో ఉన్ని గోదాములో కూర్చున్నాం,
బేళ్ల మీద, నాలుగు ఆఫీసులూ, నాలుగు ఫారాలూ.
ఊరికే కుదరలేదు.
చర్చి పెద్ద రామాకాత్సా తన ప్రశ్నని
పెళ్లికూతుర్లా కాపాడుకున్నాడు.
ఆరోగ్యశాఖ అమ్మాయి రెండుసార్లు లేచి వెళ్లిపోయింది,
రెండోసారి టీతో తిరిగొచ్చింది.
నేను నా పదకొండో ప్రశ్న కోసం
సిగ్గులేకుండా గొంతు పెంచాను.
చివరికి మాథాబిసో ఉన్ని కత్తెర అందుకుంది.
చీకటి పడేసరికి నేలనిండా కాగితం బొచ్చు,
ఆమె ఒళ్లో ఆరు ప్రశ్నలు.
ఆరోది మొలెఫి రాశాడు, గుణింతం తప్పుతో.
దిద్దుదామన్నాను.
"అదీ ఒక ఫలితమే, ఉండనీ" అంది.

ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే నోటుబుక్కు.
నెలకోసారి గుర్రం మీద దిగుతుంది.
మా పైఅధికారి వాసన చూసి మూతి తిప్పుతాడు,
పట్టికలు సరిపోలడం లేదంటాడు.
నిజమే, సరిపోలడం లేదు.

ఈ నెలది ఇవాళ వచ్చింది.
జూలై, పన్నెండో రాత్రి. కొత్త చేతిరాత, అక్షరాలు బరువుగా:

వచ్చినవాళ్లు తొమ్మిది.
రానివాళ్లు: మొలెఫి.
ఎర్రమచ్చదాన్ని వెతకడానికి మంచులోకి పోయాడు.
ఇద్దరు లాంతరు తీసుకుని వెనకే వెళ్లారు.
అందుకని ఇవాళ పాఠం జరగలేదు.
— న్యాకల్లో